డి850లో క్రాప్ మోడ్: నాలుగేళ్లు వాడాక

నికాన్ డి850 కెమెరా నా చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. ఒడిశాలోని బరంపురంలో పెళ్లిళ్లు తీయడం నా బతుకుతెరువు. తెరిపి దొరికితే ఆస్కా వైపు భేట్నోయి పొలాల్లో కృష్ణజింకల కోసం కాచుకోవడం నా ప్రాణం. రెండు చోట్లా డీఎక్స్ క్రాప్‌లో, అంటే సెన్సర్ (వెలుగును ఫొటోగా మార్చే చిప్) నడిమి భాగాన్ని మాత్రమే వాడే మోడ్‌లో, తీసిన ఫొటోలు వేలల్లో ఉంటాయి. ‘ఇంత డబ్బు పోసి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా కొని, మళ్లీ దాన్ని కోసుకోవడం ఎందుకు?’ అని తోటి ఫొటోగ్రాఫర్లు చాలామంది అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

క్రాప్ పెట్టగానే 36×24 మి.మీ. సెన్సర్‌లో నడిమి 24×16 మాత్రమే పనిచేస్తుంది. 45.7 మెగాపిక్సెళ్లలో 19.4 మిగులుతాయి, అంటే 5408×3600. మన పెళ్లి ఆల్బం షీటు 12×36 అంగుళాలు, అందులో ఒక పేజీ 12×18. ప్రింటు స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 18 అంగుళాలకు 5400 పిక్సెళ్లు కావాలి. కొలిచి ఇచ్చినట్టు సరిపోయింది! అదే ఫొటోను షీటంతా పరిస్తే 150కి పడిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో తీస్తే 229 దాకా నిలుస్తుంది. అందుకే తలంబ్రాలు, అప్పగింతలు లాంటి రెండు పేజీల ఫొటోలను నేను క్రాప్‌లో తీయను. నా రెండో కెమెరా డి750. అందులో క్రాప్ పెడితే 3936×2624 మాత్రమే వస్తుంది, ఆల్బం పేజీకి చాలదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఉన్నవాళ్లకు ఈ మోడ్ అవసరానికి తప్ప అలవాటుగా వద్దనే చెబుతాను.

జింకలకు నేను వాడేది 200-500 మి.మీ. జూమ్ లెన్సు. క్రాప్‌లో దాని 500 కాస్తా 750 అవుతుందని అంటుంటారు. లెన్సు ఏమీ పొడుగవదు. సెన్సర్ మీద పడే జింక బొమ్మ అంతే ఉంటుంది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో కోసినా అదే ఫొటో వస్తుంది. మరి కెమెరాలోనే ఎందుకు కోయడం అంటే, నాకు మొదటి కారణం ఫోకస్. డి850లో 153 ఫోకస్ పాయింట్లూ ఫుల్‌ఫ్రేమ్‌లో నడిమిలో గుమిగూడి ఉంటాయి. క్రాప్‌లో అవే పాయింట్లు దాదాపు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంటాయి. జింక ఫ్రేమ్ ఓరన ఉన్నా పాయింటును నేరుగా కంటి మీద పెట్టుకోవచ్చు.

రెండోది వ్యూఫైండర్. క్రాప్ బయటి భాగం బూడిదరంగు ముసుగు వేసినట్టు మసగ్గా కనబడుతూనే ఉంటుంది. భేట్నోయి వాళ్లు తరాలుగా ఈ జింకల్ని కాపాడుకుంటున్నారు, అవి పొలంలో తిరిగితే వానలు బాగా పడతాయని వాళ్ల నమ్మకం. అందుకే అవి మనిషిని చూసి మరీ బెదరవు గానీ, ఒకసారి పరుగందుకున్నాయంటే చూపు కూడా అందుకోలేదు. ఒక ఆడజింక చెంగున లేచినప్పుడు, ఎడమ వైపు ఆ మసకలోంచి మగజింక దూసుకురావడం ముందే కనిపించింది. రెండూ ఫ్రేమ్‌లోకి వచ్చేదాకా వేలు ఆపుకున్నాను. మిర్రర్‌లెస్ (అద్దం లేకుండా వ్యూఫైండర్‌లో చిన్న తెర ఉండే) కెమెరాలో క్రాప్ పెడితే తీసే భాగమే తెరంతా నిండుతుంది, చిన్న పిట్టలకు అది బాగుంటుంది. నాకు మాత్రం ఆ మసక అంచు కావాలి.

రా ఫైళ్లు (సెన్సర్ పట్టిన సమాచారం ఉన్నదున్నట్టు ఉండేవి) కూడా 50 ఎంబీల నుంచి సగానికంటే తగ్గుతాయి. వరసగా తీసేటప్పుడు కెమెరా తొందరగా ఆగిపోదు.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. ఒక చలికాలం పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందు, రెండు మగజింకలు కొమ్ములు పెనవేసుకున్నాయి. క్రాప్‌లోనే ఉండిపోయి గబగబా తీశాను. కుడి వైపు జింక కొమ్ము కొన అన్ని ఫొటోల్లోనూ తెగిపోయింది. రా ఫైలైనా సరే, క్రాప్‌లో వదిలేసిన అంచు మళ్లీ రాదు. పక్కన నిలబడ్డ ఊరి పెద్దాయన ‘ఆగు బాబూ, మళ్లీ కొట్టుకుంటాయిలే’ అన్నారు ఒడియాలో. ‘లేదు మౌసా (బాబాయ్), వెళ్లిపోయాయి’ అన్నాను. రెండు గంటలు కూర్చున్నా అవి తిరిగి రాలేదు. అప్పటి నుంచి కదిలే జింకలకు 1.2 క్రాప్ (డీఎక్స్ కంటే తక్కువ కోసే మోడ్) పెడుతున్నాను. 31.5 మెగాపిక్సెళ్లు వస్తాయి, చుట్టూ కాస్త చోటు మిగులుతుంది.

రాత్రిళ్లు మాత్రం వద్దు. 2025లో బరంపురం ఠకురాణి అమ్మవారి యాత్రలో పులివేషాలను వీధి దీపాల వెలుగులో రెండు రకాలుగానూ తీశాను. ఒకే సైజులో ప్రింటు వేయించి చూస్తే, క్రాప్‌లో ఒంటి మీది పసుపు చారలన్నీ నాయిస్‌తో (చుక్కచుక్కల మచ్చలతో) గరుకుగా కనిపించాయి. పనిచేసే సెన్సర్ వైశాల్యం 2.25 రెట్లు తగ్గినప్పుడు వెలుగూ అంతే తగ్గుతుంది కదా.

పెళ్లిలో 24-70 మి.మీ. లెన్సు ఒక్కటే మెడలో ఉన్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. జీలకర్ర-బెల్లం పెట్టే నిమిషంలో లెన్సు మార్చే తీరిక ఉండదు. ఎఫ్ఎన్1 బటన్ నొక్కి డయల్ తిప్పితే క్రాప్‌కి మారి 70 కాస్తా 105లా దగ్గరవుతుంది. అయితే ఒకసారి అలాగే వదిలేసి గ్రూప్ ఫొటో తీశాను. హడావిడిలో అంచులు చూసుకోలేదు, పెళ్లికూతురి మేనమామ భుజం దగ్గర తెగిపోయారు. ఆ ఇంటివాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు గ్రూప్ ఫొటోకి జనాన్ని పిలిచేటప్పుడే ఆ డయల్‌ను ఫుల్‌ఫ్రేమ్‌కి తిప్పేస్తాను. నిచ్చెన ఎక్కేది ఆ తర్వాతే.