దుకాణం ప్రకటనకు ఏ పాట మేలు: కొన్న పాటా, పేరడీనా, సొంత బాణీనా?

ఆషాఢం తగ్గింపులు మొదలైతే కర్నూలు పాత బస్టాండు చుట్టూ, అనంతపురం సుభాష్ రోడ్డులో, కడప ఏడు రోడ్ల దగ్గర ఒకే తీరు ప్రచారం వినిపిస్తుంది. ఆ ఏడాది జనం నోట్లో నానుతున్న సినిమా పాట, దానికి మాటలు మార్చి చీరల ధరలు. ప్రకటన రాయించుకోవడానికి వచ్చే వ్యాపారుల్లో చాలామంది కూర్చోగానే అడిగేది అదే: “అన్నా, ఆ పాట మీద మనవి నాలుగు మాటలు ఎయ్యి. జనం నిలబడి ఇంటారు.”

నిలబడి వింటారు, అందులో అబద్ధం లేదు. కానీ పాట ఒంటరిగా రాదు. దాని వెంట ఆ సినిమా వస్తుంది, పాడిన గొంతు వస్తుంది, హక్కులున్న ఆడియో కంపెనీ వస్తుంది, హీరో అభిమానుల ఇష్టాయిష్టాలు వస్తాయి. ప్రకటన సాఫీగా నడిచినంతకాలం అవి కనబడవు. గొడవ మొదలైన రోజు అన్నీ ఒక్కసారే గుమ్మం ముందు నిలబడతాయి. ఏ పాట బాగా అమ్ముతుందన్న లెక్కతో పాటు, గొడవ వచ్చిన రోజు ఏ పాటను మన భుజం మీద మోయగలమన్నదీ చూసుకోవాలి. నా మొగ్గు సొంత బాణీ వైపే. మిగతావి ఎందుకు వద్దంటున్నానో, ఎక్కడ పనికొస్తాయో కూడా చెబుతాను.

ముందు దర్జాగా డబ్బు కట్టి అసలు పాటనే వాడే దారి చూద్దాం. 1987లో నైకీ తన బూట్ల ప్రకటనకు ఇంగ్లండు సంగీత బృందం బీటిల్స్ పాట ‘రెవల్యూషన్’ అసలు రికార్డింగును వాడింది. దొంగతనంగా కాదు, రికార్డింగు కంపెనీకి డబ్బు కట్టి అనుమతి తీసుకునే వాడింది. అయినా ఆ బృందం సొంత సంస్థ యాపిల్ కోటిన్నర డాలర్లకు దావా వేసింది. 1968 నాటి అలజడిలో పుట్టిన పాటతో బూట్లు అమ్ముతారా అని అభిమానులు మండిపడ్డారు. 1988లో నైకీ ఆ పాట వాడడం ఆపింది, 1989లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఒకరి దగ్గర అనుమతి ఉంటే అందరి దగ్గరా ఉన్నట్టు కాదు. మన చట్టంలోనూ సాహిత్యం, బాణీ వేరు ఆస్తులు, రికార్డింగు ఇంకో ఆస్తి. ఆడియో కంపెనీలో తెలిసినవాళ్లున్నారని ధైర్యం చెప్పే దళారి ఇందులో దేని గురించి మాట్లాడుతున్నాడో మొదట అడగాలి.

పెప్సీ సంగతి ఇంకా విచిత్రం. 1989 మార్చిలో అమెరికా గాయని మడోన్నాకు 50 లక్షల డాలర్లు ఇచ్చి, ‘లైక్ ఎ ప్రేయర్’ పాటతో ప్రకటన విడుదల చేసింది. అందులో ఆమె తన చిన్ననాటి పుట్టినరోజు దృశ్యాలు చూసుకుంటుంది. ఎవరూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. ఆ వెంటనే అదే పాటకు ఆమె సొంత వీడియో వచ్చింది. మండుతున్న శిలువలు కనిపించే ఆ వీడియో మీద క్రైస్తవ సంఘాలు భగ్గుమన్నాయి, పెప్సీ తాగొద్దని పిలుపునిచ్చాయి. కంపెనీ ప్రకటనను వెనక్కి తీసుకుంది, ఇచ్చిన డబ్బు ఆమె దగ్గరే ఉండిపోయింది. ప్రకటన తప్పు చేయలేదు, పాటకు వేరేచోట వేరే బొమ్మ తగులుకుంది, అంతే.

ఇది మన సీమలో మరీ ఆలోచించాల్సిన విషయం. మన దగ్గర సినిమా హీరోలు పార్టీలు నడుపుతారు, ఎమ్మెల్యేలు అవుతారు. ఈ ఏడు ముచ్చటగా పెట్టుకున్న పాట వచ్చే ఎన్నికల నాటికి ప్రచార రథం మీద మోగితే, దుకాణానికి రంగు పడినట్టే. వ్యాపారికి అన్ని రంగుల కండువాలవాళ్లూ కావాలి.

ఇక అందరికీ ఇష్టమైన పేరడీ, అంటే సినిమా బాణీకి మాటలు మార్చడం. దీని బలం నేను తక్కువ చేయను. బాణీ ముందే తెలుసు కాబట్టి రెండు క్షణాల్లో చెవి పట్టుకుంటుంది. మన యాసలో నాలుగు చురుకైన మాటలు పడితే పిల్లలు కూడా పాడుకుంటూ పోతారు. పైగా చవక. అయితే చాలామందికి ఒక భ్రమ ఉంది: “పెండ్లి ఊరేగింపులో బ్యాండోళ్లు వాయిస్తే ఏం కాలేదు, మాకేమైతుంది?” పెళ్లి ఊరేగింపుకు, దానికి సంబంధించిన వేడుకలకు 1957 నాటి కాపీరైట్ చట్టమే మినహాయింపు ఇచ్చింది. మతపరమైన కార్యక్రమాలకూ ఇచ్చింది. చీరలు అమ్ముకునే ఆటోకు ఇవ్వలేదు. విమర్శ కోసం, సమీక్ష కోసం వాడుకునే వెసులుబాటు ఉన్నా, ధరల పట్టిక పాడడం విమర్శ కింద చూపించుకోవడం కష్టం. తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని అదే చట్టం చెబుతోంది. చిన్న ఊళ్లో ఎవరు పట్టించుకుంటారు అనేది ఆటో మైకుల కాలం మాట. ఇప్పుడు అదే ప్రకటన ఇన్‌స్టాగ్రామ్‌లోకి, యూట్యూబ్‌లోకి వెళుతోంది, అక్కడ పాటను యంత్రమే గుర్తుపడుతుంది.

పెద్దవాళ్లకే తప్పలేదు. 2022 అక్టోబరులో రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర ఆలూరు, ఆదోని, మంత్రాలయం మీదుగా సాగింది. ఆ యాత్ర వీడియోలకు ‘కేజీఎఫ్ 2’ సంగీతం జోడించారని ఎంఆర్‌టీ మ్యూజిక్ కంపెనీ కేసు పెట్టింది. నవంబరులో బెంగళూరు కోర్టు కాంగ్రెస్, జోడో యాత్ర ట్విట్టర్ ఖాతాలను తాత్కాలికంగా నిలిపివేయమంది. మర్నాడే హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది గాని, ఆ వీడియోలు తీసేయాలన్న షరతు మీదే. అనంతపురానికి ఆ కోర్టు నాలుగు గంటల దూరం.

పేరడీకి తమ్ముడు అనుకరణ గొంతు. పాట హక్కులు కొని, గాయకులు ఒప్పుకోకపోతే వాళ్లలా పాడేవాళ్లను తేవడం. అమెరికాలో ఫోర్డు కార్ల ప్రకటనకు గాయని బెట్ మిడ్లర్ పాడనంటే, ఆమె దగ్గర పనిచేసిన గాయనితో అచ్చం అలాగే పాడించారు. గొంతు కూడా మనిషి గుర్తింపేనని 1988లో అప్పీలు కోర్టు చెప్పింది. తర్వాత జూరీ ఆమెకు 4 లక్షల డాలర్లు ఇప్పించింది. చిప్స్ ప్రకటనలో తన గొంతును అనుకరించారని గాయకుడు టామ్ వెయిట్స్ వేసిన కేసులో మొత్తం 25 లక్షల డాలర్ల దాకా పోయింది. మన దగ్గర ఇప్పుడు ఆ పని కృత్రిమ మేధ చేసిపెడుతోంది, అదీ పైసా ఖర్చు లేకుండా. బాలసుబ్రహ్మణ్యం గొంతును అలా పుట్టించి ఒక తెలుగు సినిమాలో వాడినందుకు 2024లో ఆయన కుటుంబం నోటీసులు పంపింది. అదే ఏడాది జులైలో అరిజిత్ సింగ్ గొంతును యంత్రాలతో నకలు చేయకుండా బొంబాయి హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. చట్టం సంగతి అటుంచండి. పోయిన మనిషి గొంతుతో పట్టుచీరల తగ్గింపు చెప్పించడం నాకు మనసొప్పదు. ఆ పని అడిగితే వద్దనే చెబుతాను.

పాతదైతే ఎవరి పేచీ ఉండదు కదా అని కొందరు అంటారు. మంచి ఆలోచనే. టైటాన్ వాచీల స్వరం పాశ్చాత్య సంగీతకర్త మోజార్ట్ 25వ సింఫనీలోది. ఆయన 1791లోనే పోయారు కాబట్టి బాణీకి హక్కుదారు లేరు, కొత్తగా వాయించుకుంటే చాలు. మనకూ తాళ్లపాక ఉంది కదా, అన్నమయ్యను పెట్టేద్దాం అంటే మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. పదం 15వ శతాబ్దిది. ఇప్పుడు మన చెవిలో ఉన్న బాణీలు చాలావరకు 20వ శతాబ్దిలో కట్టినవి. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు ఎన్నో కీర్తనలకు రాగం కట్టారు. ఆయన కన్నుమూసింది 1979లో. బాణీ కట్టినవారు పోయాక 60 ఏళ్ల వరకు హక్కులుంటాయన్నది మన చట్టం లెక్క. రికార్డింగుకు ఇంకో 60 ఏళ్ల లెక్క వేరుగా ఉంది. పదం వాడుకుని కొత్త బాణీ కట్టించుకుంటే చట్టం అడ్డురాదు. భక్తులు అడ్డొస్తే, వాళ్లది అన్యాయమని నేను అనలేను.

జానపదం విషయంలో నాకు ఇంకాస్త పట్టింపు ఉంది. అనంతపురం ఉరుముల వాద్యం, కర్నూలు వైపు గొరవయ్యల డమరుకం వింటే ఒళ్లు జలదరిస్తుంది, ప్రకటనకు అంతకన్నా గట్టి శబ్దం దొరకదు. కానీ గొరవయ్యలు మాళ మల్లేశ్వరుడి భక్తులు, దేవరగట్టులో వాళ్ల ఆట మొక్కు కింద లెక్క. దాన్ని రికార్డు చేసుకుని వచ్చి ఫ్యాన్ల ప్రకటన కింద అతికిస్తే ఎవరూ కోర్టుకు వెళ్లకపోవచ్చు. తప్పు తప్పే. వాళ్లనే పిలిచి, దేనికోసమో చెప్పి, ఏది వాయించవచ్చో ఏది వాయించకూడదో వాళ్లనే చెప్పమని, చేతికి డబ్బిచ్చి చేయించుకుంటే అది వేరే సంగతి. కోలాటం, చెక్కభజన వరసల్లో దేవుడి పేరు లేని నడకలు తీసుకోవడం ఇంకా మేలు.

ఇప్పుడు సొంత బాణీ. నిర్మా పాట 1970ల నుంచి వింటున్నాం. ఆడవాళ్ల పేర్లతో సాగే ఆ వరస మన అమ్మలకు నోటికొచ్చు. 2020 జనవరిలో మరాఠా యోధుల వేషాలతో తీసిన నిర్మా ప్రకటన మీద మహారాష్ట్రలో నిరసనలు లేచాయి, పోలీసు ఫిర్యాదు దాకా పోయింది. కోపం అంతా కథ మీద, నటుడి మీద. పాట మాత్రం నిర్మాదే. వెనక్కి ఇమ్మని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆ ప్రకటన పక్కన పెట్టినా పాట పోదు, ఇంకో కథకు తొడుక్కోవచ్చు. కొన్న పాటకు, పేరడీకి ఈ వెసులుబాటు లేదు. 2002లో ఎయిర్‌టెల్‌కు ఏ.ఆర్. రెహమాన్ కట్టిన స్వరం కూడా అంతే, మాటలే లేవు కాబట్టి ఏ భాషకూ పరాయిది కాదు. రెహమాన్ అంటే కడపవాళ్లకు చెప్పక్కర్లేదు, పెద్ద దర్గాకు వస్తూ పోతూ ఉండే మనిషి.

సొంత బాణీకి లోటు లేకపోలేదు. మొదటి సీజన్‌లో ఎవరికీ గుర్తుండదు. పక్క దుకాణంవాడు సినిమా పాటతో జనాన్ని లాగుతుంటే ఓపిక పట్టడం కష్టం. అది మొక్క నాటి నీళ్లు పోసే పని, ఒక్క పండగకు కాయదు.

వివాదం ఎప్పుడూ పాట వల్లే వస్తుందని అనుకోకండి. తనిష్క్ 2020 అక్టోబరులో ఒక ముస్లిం కుటుంబం హిందూ కోడలికి సీమంతం చేసే ప్రకటన తెచ్చి, దుమారం రేగడంతో తీసేసింది. అక్కడ గొడవ కథ మీద. షాపుల్లో పనిచేసేవాళ్ల క్షేమం చూసుకోవాలి కాబట్టి తీసేస్తున్నామని కంపెనీ చెప్పింది. బొంబాయిలో ఎవరో రాసిన కథకు దెబ్బ తినేది కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయి అన్నమాట. అదే 2017లో పెప్సీ ప్రకటన చూడండి. ఊరేగింపు సాగుతుంటుంది. మోడల్ కెండల్ జెన్నర్ వచ్చి పోలీసు చేతికి పెప్సీ డబ్బా అందిస్తే అందరూ కేరింతలు కొడతారు. వెనక బాబ్ మార్లీ మనవడు స్కిప్ మార్లీ పాడిన ‘లయన్స్’. జనం దేనికోసం నడుస్తున్నారో ప్లకార్డులు చెప్పవు, కానీ పాట మాత్రం ఇదొక పోరాటం అని గట్టిగా చెబుతూ ఉంటుంది. మర్నాడే వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. కథలో లేని బరువును పాటతో నింపబోయారు. తనిష్క్ కథను నేను సమర్థిస్తాను, పెప్సీది సమర్థించలేను. తేడా నాకు అక్కడ కనిపిస్తుంది.

దీన్ని మన కడపకు పెట్టి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారి వరసన స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. టెంకాయలు, బెల్లం పట్టుకుని వరసలో నిలబడతారు. ఒక బంగారు దుకాణం ఇదే కథతో ఉగాది ప్రకటన చేయాలనుకుంటే సంగీతం ఎలా ఉండాలి? కీర్తనలోకి ఖవ్వాలీ కలిపి, వయొలిన్లు పొంగించి కళ్లనీళ్లు పెట్టించడం ఒక దారి. గుడి గంట, జనం పలకరింపులు, టెంకాయ కొట్టిన చప్పుడు ఉంచి, చివర్లో దుకాణం స్వరం మూడు క్షణాలు వినిపించడం ఇంకో దారి. నేను రెండోదే పట్టుకుంటాను. ఆ ఆచారం ఏ దుకాణమూ పుట్టించింది కాదు, వయొలిన్లు పొంగితే అది దుకాణం చేసిన ఘనకార్యంలా వినిపిస్తుంది. పైగా కీర్తనను, ఖవ్వాలీని వాటివాటి చోట వినేవాళ్లకు ఆ కలగలుపు రెండు వైపులా నచ్చకపోవచ్చు. నిజంగా జరిగేదానికి నిజమైన శబ్దం చాలు.

మన ఊళ్లలో అసలు తగవు మాత్రం చాలాసార్లు శబ్దం ఎంత అన్న దగ్గరే మొదలవుతుంది. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు 100 మీటర్ల లోపల నిశ్శబ్ద ప్రాంతం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వాడకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఇవి. కర్నూలు పెద్దాసుపత్రి గోడ పక్కన ఆటో ఆపి మోగిస్తే ఎంత చక్కటి బాణీ అయినా తిట్లే తింటుంది. అజా వేళకు, హారతి వేళకు ఆపమని డ్రైవరుకు ముందే చెప్పి పంపాలి.

కాబట్టి నా లెక్క ఇది. ఆదోనిలో వారం రోజుల తగ్గింపు పెట్టుకున్న చిన్న దుకాణానికి పాటే అక్కర్లేదు, ఒక పలక డప్పు దెబ్బ, స్పష్టమైన మాట చాలు. ప్రొద్దుటూరులో తరతరాలు నిలబడాలనుకునే బంగారు వ్యాపారికి 7, 8 క్షణాల సొంత బాణీ, అదీ ఈ నేల గొంతుతో. సినిమా పాటే కావాలని పట్టుబట్టేవాళ్లు సాహిత్యం, బాణీ, రికార్డింగు మూడు హక్కులూ కాగితం మీద తెచ్చుకోవాలి. సంఘానికి ఏదో చెప్పాలనుకునేవాళ్లు సంగీతం తగ్గించి, కథను గట్టిగా రాయించుకోవాలి.

సొంత బాణీ అయినా కాగితం తప్పదు. మాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు ముగ్గురివీ వేర్వేరు సంతకాలు తీసుకోండి. ఆటోకా, రేడియోకా, ఫోనులోకా అన్నది విడివిడిగా రాయించండి. పాడిన గొంతును యంత్రంలో పెట్టి నకలు చేయబోమని దుకాణం వైపు నుంచి ఒక వాక్యం కలపండి, గాయకులు నమ్మకంగా పాడతారు. ఎన్నేళ్లకో మాత్రం మరిచిపోకుండా రాయించండి. ఆ గడి ఖాళీగా వదిలితే చట్టం దాన్ని 5 ఏళ్లు అనే లెక్కిస్తుంది, అప్పటికి ఊరంతా పాడుకుంటున్న మీ బాణీ కోసం మళ్లీ బేరానికి కూర్చోవాల్సి వస్తుంది.