బిట్రగుంట బెంజో, నెల్లూరు మేస్త్రి

నెల్లూరు చిన్నబజారును ఆనుకొని ఉన్న ఒక సందులో, బోర్డు కూడా లేని చిన్న కొట్టులో, మృదంగాలకూ డోలక్‌లకూ తోలు మూతలు వేసే మేస్త్రి ఒకరున్నారు. పాత తంత్రీవాద్యాలను సేకరించే అలవాటున్న నేను గత రెండేళ్లలో మూడు వాద్యాలను ఆయన చేత బాగుచేయించుకున్నాను. అటువంటి సరుకు ఇంట్లో ఉండి, దానిని ఎవరి చేతికివ్వాలో తెలియక అటక మీద పెట్టుకున్నవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పాత వాద్యాన్ని మరమ్మతుకిచ్చేటప్పుడు భయపడవలసింది చేతకాని పనివాడి గురించి కాదు, అడగని పని కూడా చేసిపెట్టే పనివాడి గురించి. పనస కర్రతో చేసిన పాత తంబురను నేను ఒకప్పుడు వేరొక నగరంలోని పెద్ద దుకాణంలో ఇచ్చి, తీగలు మార్చి పగులు అతికిస్తే చాలునని చెప్పి వచ్చాను. నెల తరువాత వెళ్లేసరికి దాని పాత రంగునంతా గీకి, అద్దంలా మెరిసే వార్నిష్ పూసి, తీగలు బిగించే కర్ర బిరడాలను పారేసి కొత్తవి బిగించి, దానికి వేరే చార్జీ కూడా వేశారు. ఆ తంబుర ఇప్పుడు పెళ్లికూతురిలా ఉంది కానీ, దాని వయసు చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు.

ఈ మేస్త్రి దగ్గరికి నేను మొదట పట్టుకెళ్లింది బుల్‌బుల్ తరంగ్, అంటే మీటలు నొక్కుతూ వాయించే తంత్రీవాద్యం. మన వైపు బెంజో అంటే అదే కదా. 1912లో జపానులోని నగోయాలో మొరిటా గోరో అనే ఆయన టైపు మిషను మీటల పోలికతో రూపొందించిన ‘తైషోగోతో’ అనే వాద్యమే మన దేశానికి వచ్చి, ఇక్కడ బెంజో అనే పేరు తగిలించుకుంది. దాని మీటల కింది స్ప్రింగులు సముద్రపు గాలికి తుప్పు పట్టగా, ఆయన మూడింటిని మాత్రమే మార్చి, పనిచేస్తున్నవాటిని కిరసనాయిలుతో తుడిచి అలాగే ఉంచారు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. ఆ తరువాత అసలు బెంజోను, అంటే గుండ్రటి చట్రం మీద తోలు, దానికి పొడవాటి దండి ఉండే పాశ్చాత్య వాద్యాన్ని, తీసుకువెళ్లి బల్ల మీద పెడితే, దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “బెంజో అన్నారే, దీనికి మీటలేవి సార్?” అని అడిగారు.

ఆ బెంజో బిట్రగుంటలో దొరికింది. ఆవిరి ఇంజన్ల షెడ్డు నడిచిన రోజుల్లో ఆ రైల్వే కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. అటువంటి ఒక ఇంటి సామాను అమ్ముతుంటే కొన్నాను. లోపలి కర్ర మీద ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన విండ్సర్ అనే బెంజో తయారీదారు ముద్ర ఉంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తరలించబడినవారి సొరకాయ బుర్ర వాద్యాల నుంచి పుట్టి, 1840లలో బాల్టిమోర్‌లో బౌచర్ వంటి తయారీదారుల చేతిలో కర్ర చట్రం, ఇనుప కొక్కేలు సంతరించుకొని, ఇంగ్లండు చేరిన వాద్యం మన పెన్న ఒడ్డుకు ఇలా వచ్చింది. నా చేతికి వచ్చేసరికి తోలు చిరిగి, అయిదో తీగ బిరడా ఊడిపోయి ఉంది. ఆ తీగ మిగిలినవాటికంటే పొట్టిది, దాని బిరడా దండి మధ్యలో, దాని మీద అడ్డంగా ఉండే మెట్లలో అయిదోదాని పక్కన ఉంటుంది. బిరడా ఊడిన రంధ్రాన్ని ఎవరో విరిగిన భాగమనుకొని మైనంతో పూడ్చారు.

తోలు వేసే పనిని నేను దగ్గర కూర్చొని చూశాను. మృదంగానికి వాడే తోలు దీనికి మందమవుతుందని ఆయనే అని, పల్చని మేకతోలు ఏరి, నానబెట్టి, మెత్తబడ్డాక చట్రం మీద పరిచి, అంచును తీగ చుట్టుకు మడిచి, పై కట్టును కూర్చోబెట్టారు. కొక్కేలను చేతితో పట్టినంత వరకే బిగించి రెండు రోజులు నీడన ఆరనిచ్చారు. ఆరాక ఒక కొక్కేన్ని పావు చుట్టు, వెంటనే దానికి ఎదురుగా ఉన్నదానిని పావు చుట్టు బిగిస్తూ, ప్రతిసారీ ఆ కొక్కెం దగ్గర తోలును వేలితో తట్టి చెవి ఒగ్గి విన్నారు. చుట్టూ ఒకే శ్రుతి పలికే దాకా ఆ పని సాగింది. బెంజోను ఎన్నడూ ముట్టని మనిషికి ఆ విద్య మృదంగం నుంచే వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. తోలు మీద నిలబడి తీగలను మోసే గుర్రాన్ని ఆయన జిగురుతో అతికించేశారు. బెంజో గుర్రం అతకకూడదు. దండి పై చివర తీగలు మొదలయ్యే చోటు నుంచి పన్నెండో మెట్టుకు ఎంత దూరమో, అక్కడి నుంచి గుర్రానికి సుమారు అంతే దూరం ఉండేలా జరుపుకోవాలి, తోలు వదులైనప్పుడల్లా మళ్లీ సరిచూసుకోవాలి. చెప్పగానే నొచ్చుకోకుండా విడదీశారు కానీ, తోలు మీద చిన్న మరక మిగిలింది. తీగల విషయంలోనూ ఆయన మీద ఆధారపడవద్దు. ఆ కాలపు ఇంగ్లీషు బెంజోలలో చాలావాటిని జంతువుల పేగుతో చేసిన తీగల కోసమే కట్టారు. ఉక్కు తీగలు బిగిస్తే దండి వంగిపోవచ్చు. నేను నైలాన్ తీగలను చెన్నై నుంచి తెచ్చుకొని ఇచ్చాను.

మొత్తం మూడువేల రెండు వందలు తీసుకున్నారు. ఆ పనికి అది ఎక్కువేమీ కాదు. పదిహేను రోజులన్న పని రెండు నెలలు పట్టింది, రసీదు ఇవ్వరు, ఫోను ఎత్తరు. కానీ వాద్యంతోపాటు ఒక కవరు చేతికిచ్చారు: చిరిగిన పాత తోలు, తుప్పు పట్టిన రెండు కొక్కేలు, పూడ్చిన చోటు నుంచి తవ్వి తీసిన మైనం ముక్క కూడా అందులో ఉన్నాయి. సేకరించేవాడికి అంతకంటే ఏం కావాలి?

వెళ్లదలచినవారు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం వెళ్లకండి. ఆ వానల్లో తోలు ఆరదు, ఆరిందని బిగించినా వారంలో వదులైపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసి ఉంటుంది.