కర్ర బాణాలకు ఏ ఫ్లెచింగ్ జిగ్? ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

కర్ర బాణాలు సొంతంగా చేసుకునేవాళ్లకు నా సలహా ముందే చెప్పేస్తాను. ఒకసారికి ఒక బాణం, ఒక ఈక మాత్రమే పట్టే లోహపు జిగ్ (బాణానికి ఈకలు అంటించేటప్పుడు వాటిని సరైన చోట పట్టి ఉంచే సాధనం) కొనండి, దానికి హెలికల్ క్లాంప్ (ఈకను కాస్త మెలితిప్పి పట్టే బిగింపు) తీసుకోండి. ఈ తరహాలో బాగా పేరున్నది బిట్జెన్‌బర్గర్. నా బల్ల మీద ఎక్కువ కాలం ఉన్నదీ అదే. ఒకేసారి మూడు ఈకలు అంటించేవీ, ఒకేసారి ఆరు బాణాలు పట్టేవీ కూడా వాడాను. అవి చెడ్డవని కాదు. కార్బన్, అల్యూమినియం గొట్టాలకు కుదిరినంత బాగా కర్రకు కుదరవు, అంతే.

గొట్టం బాణం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం. కర్ర సంగతి అలా ఉండదు. పోర్ట్ ఆర్ఫోర్డ్ సెడార్, సిట్కా స్ప్రూస్, డగ్లస్ ఫర్, ఏ కర్రయినా షాఫ్ట్‌లు (బాణపు పుల్లలు) ఎక్కువగా మూడు మందాల్లో వస్తాయి: 5/16 అంగుళం (7.9 మి.మీ.), 11/32 అంగుళం (8.7 మి.మీ.), 23/64 అంగుళం (9.1 మి.మీ.). ఈ కొలతలు మొదట్లోనే. గరుకు కాగితంతో రుద్దితే కాస్త తగ్గుతుంది, వార్నిష్ పూతలు పడితే కాస్త పెరుగుతుంది, గాలిలో తేమను బట్టి ఇంకాస్త అటూ ఇటూ అవుతుంది. దానికి తోడు చాలామంది నాక్ (నారికి తగిలించే గాటున్న వెనక కొస) వైపు చివరి తొమ్మిది పది అంగుళాలను 11/32 నుంచి 5/16కు సన్నగా దించుతారు. ఈకలు కూర్చునేది సరిగ్గా ఆ ఏటవాలు మీదే. అందుకని జిగ్ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, మందం మారినా, వాలు ఉన్నా ఈక కాడను షాఫ్ట్‌కు పొడవునా ఆనించేలా సర్దుకోవచ్చా అన్నది. ఎంత వేగంగా పని అవుతుందన్నది ఆ తర్వాత.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఈక ఏ రెక్కదని. టర్కీ కోడి ఎడమ రెక్క ఈకకూ, కుడి రెక్క ఈకకూ సహజమైన వంపు చెరో వైపు ఉంటుంది. కుడి రెక్క ఈకలకు కుడి హెలికల్ క్లాంప్, ఎడమ వాటికి ఎడమ క్లాంప్. ఏ రెక్కయినా బాణం ఒకేలా ఎగురుతుంది. కుడి ఈకలైతే వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, ఎడమవైతే దానికి ఎదురు. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్నదానితో దీనికి పనిలేదు. మీకు ఏ రెక్క ఈకలు నమ్మకంగా, ఒకే నాణ్యతతో దొరుకుతాయో చూసుకుని క్లాంప్ కొనండి. క్లాంప్ ముందు కొని ఈకల కోసం తర్వాత వెతుక్కోవడం తలకిందుల పని. ఒకే బాణం మీద రెండు రెక్కల ఈకలు కలిపితే మాత్రం ఒకటి తిప్పే వైపుకు ఇంకొకటి ఎదురు తిప్పుతుంది, ఆ బాణం ఎందుకూ పనికిరాదు.

మెలిక లేని స్ట్రెయిట్ క్లాంప్ చాలదా? చాలుతుంది, ఒకటి రెండు డిగ్రీలు పక్కకు వాల్చి అంటిస్తే. అయినా కర్రకు నేను హెలికల్‌నే ఎంచుకుంటాను. రెండు కర్ర షాఫ్ట్‌లు ఎంత ఏరి తెచ్చినా బరువులోనూ వంగుడులోనూ ముమ్మూర్తులా ఒకటి కావు. విల్లు వదిలాక బాణం ఎంత త్వరగా తిరగడం మొదలుపెడితే ఆ తేడాలు అంత త్వరగా సర్దుకుంటాయి. వెడల్పు మొన పెడితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఎక్కువ దూరాల్లో వేగం కాస్త తగ్గుతుందన్నది నిజమే. సంప్రదాయ విల్లుతో వేసే దూరాలకు ఆ లెక్క పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

హెలికల్‌తో వచ్చే అసలు చిక్కు కాడ ఆనడం దగ్గరే. క్లాంప్ మెలిక తిరిగి ఉంటుంది, షాఫ్ట్ గుండ్రంగా ఉంటుంది. రెండింటి పొంతన కుదరకపోతే ఈక నడుమ ఆని, ముందు కొస గానీ వెనక కొస గానీ లేచి ఉంటుంది. దాన్ని జిగురుతో నింపితే ఆ రోజుకు అంటుకున్నట్టే కనిపిస్తుంది. తర్వాత బాణం గడ్డిలోకో, లక్ష్యంలోకో లోతుగా దిగినప్పుడు ముందు కొస నుంచి ఒలిచినట్టు ఊడి వస్తుంది. షెల్ఫ్ (విల్లు పిడి పైన బాణం ఆనే గట్టు) మీద నుంచి వేసేవాళ్లకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. లేచిన కాడ మొన చేతిని చీరుతుంది.

అందుకే కొత్త జిగ్ ఇంటికి రాగానే జిగురు ముట్టకుండా ఒక పరీక్ష చేయాలి. వార్నిష్ పూర్తయి నాక్ అంటించిన షాఫ్ట్‌ను జిగ్‌లో పెట్టండి. క్లాంప్‌లో ఈక బిగించి, కాడ క్లాంప్ అంచు కింద ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా చూడండి. క్లాంప్‌ను జిగ్‌లోని అయస్కాంతం మీద ఆనించి కిందికి జార్చండి. వెనక దీపం పెట్టి చూస్తే కాడకూ కర్రకూ మధ్య వెలుతురు ఎక్కడా రాకూడదు. వస్తే పైనా కిందా ఉండే సర్దుబాటు మరలను కొద్దికొద్దిగా తిప్పండి. ముందు కొసలో సందు ఉంటే ఆ వైపునే, వెనక ఉంటే వెనక వైపునే. రెండూ ఒకేసారి తిప్పితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. వాలు ఉన్న షాఫ్ట్‌కు ఈ సర్దుబాటు వేరు, సమంగా ఉన్నదానికి వేరు. కుదిరాక మరల స్థానాన్ని మార్కర్‌తో గీసి పెట్టుకుంటే మందం మారినప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. ఈ పరీక్షలో ఎంత తిప్పినా సందు పోని జిగ్‌ను వెనక్కి ఇచ్చేయండి. ఈ సర్దుబాటు సులువుగా, నిలకడగా ఉండటమే లోహపు జిగ్‌లకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం.

నాక్ సంగతి జిగ్ సమీక్షల్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈకల మధ్య దూరాన్ని జిగ్ లెక్కగట్టేది నాక్‌ను బట్టే. నాక్ కూర్చునే ముక్కలో అది వదులుగా ఆడితే 120 డిగ్రీల మూడు ఈకలు కాస్తా అడ్డదిడ్డంగా వస్తాయి. గాటులో పలుచని టేపు ముక్క అంటిస్తే ఆ వదులు పోతుంది. షాఫ్ట్ చివర 11 డిగ్రీల వాలుకు ప్లాస్టిక్ నాక్ అంటించేటప్పుడు అది వంకరగా కూర్చుంటే జిగ్‌లో షాఫ్టే వాలుతుంది, అప్పుడు ఏ మరా సరిచేయలేదు. కాబట్టి నాక్ అంటించగానే బాణాన్ని వేళ్ల మధ్య దొర్లించి, నాక్ ఊగడం లేదని చూసుకున్నాకే ఈకల పనిలోకి దిగండి. నాక్ దిశ కూడా అప్పుడే తేలిపోవాలి. షాఫ్ట్ కొసను చూస్తే చెట్టు వలయాల గీతలు కనిపిస్తాయి. నారి గాటు వాటికి అడ్డంగా ఉండాలి. అలా ఉంటే కర్ర గట్టిగా ఉండే వైపు విల్లుకు ఆనుతుంది, గాటు దగ్గర చీలే అవకాశమూ తగ్గుతుంది. కాక్ ఈకను (మూడింటిలో విల్లుకు దూరంగా ఉండేది) జిగ్ గాటుకు లంబంగానే పెడుతుంది, కాబట్టి నాక్ తప్పితే ఈకలూ తప్పినట్టే.

కర్రలోనే గాటు కోసుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. చాలా జిగ్‌లలోని నాక్ ముక్క ప్లాస్టిక్ నాక్‌ల కొలతకు చేసినదే. చేత్తో కోసిన గాటు వెడల్పుగా ఉంటే నిలవదు, లోతు తక్కువైతే సగంలోనే ఆగుతుంది. ఒంటి క్లాంప్ జిగ్‌లలో ఈ ముక్కను విప్పి మార్చుకునే వీలు ఉంటే అది పెద్ద సౌకర్యం. నాలుగు ఈకల బాణాలకు కూడా మార్చాల్సింది ఆ ముక్కనే.

ఇక వేగం. సెల్యులోజ్ జాతి ఫ్లెచింగ్ సిమెంట్ వాడి ఒక్కో ఈకను పావుగంట క్లాంప్‌లో ఉంచితే, డజను బాణాల 36 ఈకలకు తొమ్మిది గంటలు. మూడు ఈకలు ఒకేసారి పట్టే జిగ్‌లో మూడు గంటలు. ఆరు బాణాల జిగ్‌లో గంటన్నర. వినడానికి తేడా పెద్దదే. కానీ ఒంటి జిగ్ దగ్గర తొమ్మిది గంటలూ కూర్చోనక్కర్లేదు. షాఫ్ట్‌లు ఏరడం, తిన్నగా చేయడం, వార్నిష్ పూతల మధ్య ఆరబెట్టడం, ఇవన్నీ ఎలాగూ రోజులు తీసుకుంటాయి. వేరే పని చేసుకుంటూ పావుగంటకోసారి వచ్చి ఈక మారిస్తే సరిపోతుంది. మరీ తొందరైతే చిక్కటి సూపర్ గ్లూ ఉంది, నిమిషం లోపే పట్టేస్తుంది. అయితే ఈక కాస్త పక్కకు పడిందని గమనించేలోపు అది కదలదు. ఫ్లెచింగ్ టేపు కూడా బాగానే నిలుస్తుంది, రెండు కొసల మీద ఒక్కో చుక్క జిగురు పెడితేనే.

మూడు ఈకల జిగ్‌లలో అరిజోనా ఈజీ ఫ్లెచ్ తరహావి బాగా వాడుకలో ఉన్నాయి. మూడు చేతులు షాఫ్ట్ చుట్టూ మూసుకుని మూడు ఈకల్నీ ఒకేసారి అదుముతాయి. మందం ఆ చేతులకు సరిపడితే పని చూడముచ్చటగా ఉంటుంది, ప్రతి బాణమూ ఒకేలా వస్తుంది. చేతుల మెలికా, కొలతా ముందే ఖరారై ఉంటాయి కాబట్టి మీరు మార్చగలిగేది తక్కువ. వాలు దించిన షాఫ్ట్ దగ్గర ఇదే ఇబ్బంది. ఒక కొసలో ఆని, ఇంకో కొసలో సన్నని సందు మిగలవచ్చు. కోయని పూర్తి పొడవు ఈకలు అంటించి, తర్వాత వేడి తీగతో ఆకారం కాల్చుకునే అలవాటు ఉన్నవాళ్లకు కూడా ఇది సరిపడదు. సమంగా ఉన్న ఒకే మందం షాఫ్ట్‌లు, ముందే కోసిన నాలుగైదు అంగుళాల ఈకలు మాత్రమే వాడతామంటే నిరభ్యంతరంగా కొనవచ్చు. కొనేముందు మీ షాఫ్ట్ మందాన్ని వార్నిష్ పూతలతో కలిపి వెర్నియర్ కాలిపర్‌తో కొలుచుకోండి.

జో-జాన్ లాంటి ఆరు బాణాల జిగ్ క్లబ్బుకో, నెలనెలా డజన్లు చేసేవాళ్లకో తగినది. ఆరు క్లాంపులు ఉన్నాయంటే ఆరు సర్దుబాట్లూ ఉన్నట్టే. ఒకదానికి ఇంకొకదానికి తేడా ఉంటే అది బాణాల్లో కనిపిస్తుంది. ఒక్కో స్థానానికి అంకె వేసి, ఏ బాణం ఎక్కడ చేశారో రాసుకుంటే తప్పు చేసే స్థానం త్వరగా దొరుకుతుంది.

చవక ప్లాస్టిక్ ఒంటి జిగ్‌ల గురించి ఎక్కువ చెప్పను. స్ట్రెయిట్ ఈకలకు, నేర్చుకోవడానికి పనికొస్తాయి. హెలికల్ అని అమ్మేవాటిలో కొన్ని క్లాంపుల మెలిక కొస దాకా ఉండదు, మరలు కొన్నాళ్లకు వదులవుతాయి, నాక్ ముక్క అరిగి ఆడుతుంది. క్లాంపును అయస్కాంతంతో కాకుండా గాడిలోకి దూర్చే రకాలైతే గాడిలో జిగురు గట్టిపడి క్లాంప్ కిందిదాకా దిగదు.

ఏ జిగ్ అయినా ఈకలు ఊడుతున్నాయంటే, సగం సందర్భాల్లో తప్పు పూతలోదే. అవిసె నూనె, మైనం పూసిన కర్రకు ఈకలు పట్టవు. నూనె పూత కావాలనుకుంటే ఈకలు కూర్చునే చోట వదిలేసి, అక్కడ లక్క లేదా వార్నిష్ వేయండి. పాలీయురేతేన్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. పూర్తిగా గట్టిపడ్డాక సన్న గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, తుడిచి, అప్పుడు అంటించాలి. సిమెంట్‌లోని ద్రావకం కొన్ని పూతల్ని ముడతలు పడేలా చేస్తుంది, కాబట్టి పనికిరాని ముక్క మీద ముందు ఒక ఈక అంటించి మర్నాడు లాగి చూడండి. కాడ అడుగున పూత పెచ్చులుగా ఊడి వస్తే పూత కర్రకు పట్టలేదు. జిగురు పొర మాత్రమే ఊడితే రుద్దడం చాలలేదు.

క్లాంప్ అంచుకు పలుచగా మైనం రాసి గుడ్డతో తుడిస్తే జిగురు అంటుకోదు. ఆ వేళ్లతో షాఫ్ట్ ముట్టుకోకండి. అంచు మీద గట్టిపడ్డ జిగురును బ్లేడుతో గీకితే లోహం మీద గీతలు పడి ఈక వంకరగా పట్టుకుంటుంది. అసిటోన్‌లో ముంచిన గుడ్డ చాలు, ప్లాస్టిక్ భాగాలకు తగలకుండా. ఈక వెనక కొస ఎక్కడ ఉండాలో క్లాంప్ మీద గీత పెట్టుకోండి. నాక్ గాటు అడుగు నుంచి అంగుళం, అంగుళంపావు దూరం చాలామందికి సరిపోతుంది. మూడు వేళ్లూ నాక్ కింద పట్టి లాగేవాళ్లు అంగుళంతో సరిపెట్టుకోవచ్చు గానీ, నాక్‌కు పైనా కిందా వేళ్లు పెట్టేవాళ్లు ఈకకు వేలు తగలకుండా అంగుళంపావు వదలండి. స్పేర్ నాక్ ముక్క ఒకటి జిగ్‌తో పాటే తెప్పించుకోండి. మిగతా భాగాల కంటే ముందు అరిగేది అదే.