పిప్ అప్‌గ్రేడ్‌లతో నా ఏళ్ల కాపురం

2017 నుంచి పైథాన్ ప్రోగ్రామింగ్ పనికి రోజూ పిప్ వాడుతున్నాను. ఇతరులు రాసిన కోడ్ ప్యాకేజీలను తెచ్చి ఇన్‌స్టాల్ చేసే టూల్ అది. ప్యాకేజీలు తెచ్చిపెట్టడంలో దానికి వంక పెట్టలేను. ఇబ్బందల్లా పిప్‌నే అప్‌గ్రేడ్ చేసినప్పుడు.

మొదటి దెబ్బ 2018 ఏప్రిల్‌లో, పిప్ 10తో. ఉబుంటు (ఒక రకం లినక్స్) లాప్‌టాప్‌లో అప్‌గ్రేడ్ కొట్టాక ఏ కమాండ్ ఇచ్చినా 'కెనాట్ ఇంపోర్ట్ నేమ్ మెయిన్' అనే ఎర్రరే. కొత్త వెర్షన్‌లో లోపలి కోడ్ వేరే చోటికి మారింది. సిస్టమ్‌తో పాటు వచ్చిన చిన్న స్క్రిప్ట్ మాత్రం ఇంకా పాత ఇంటి తలుపే కొడుతోంది. ఆ స్క్రిప్ట్‌ని పక్కనపెట్టి నేరుగా 'పైథాన్3 -ఎమ్ పిప్' అని పిలిస్తే పలికింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

రెండోది నా స్వయంకృతం. 2021 జనవరి, ఒక క్లయింట్ సర్వర్. ఉబుంటు 16.04, పైథాన్ 3.5, పిప్ 8.1.1. అప్‌గ్రేడ్ చేసుకోమని పసుపు రంగులో లైను కనపడింది, చేసేశాను. అప్పుడే వచ్చిన పిప్ 21.0కి పైథాన్ 3.5తో పొసగదు. ఈ పైథాన్‌కి ఏ వెర్షన్ సరిపోతుందో చూసుకునే తెలివి పిప్‌కి 9 నుంచే వచ్చింది, పాపం 8కి తెలియదు. తెచ్చి కూర్చోబెట్టింది. ఇక వెర్షన్ అడిగినా 'సింటాక్స్ ఎర్రర్'. కోడ్‌లో ఉన్న ఎఫ్-స్ట్రింగ్ (టెక్స్ట్ మధ్యలో విలువలు ఇరికించే రాత) పైథాన్ 3.6లో వచ్చిన సదుపాయం మరి. పిప్‌ని పిప్‌తో బాగుచేసే దారి కూడా మూసుకుపోయింది. పిప్‌ని కొత్తగా వేసిపెట్టే గెట్-పిప్ స్క్రిప్ట్, అదీ 3.5 కోసం విడిగా ఉంచినది, దొరికేదాకా టెన్షనే.

2020 నవంబర్ చివర్లో వచ్చిన 20.3ని మాత్రం చాలామంది తిట్టారు, నేను మెచ్చుకుంటాను. అంతకుముందు రెండు ప్యాకేజీలు ఒకే లైబ్రరీకి వేర్వేరు వెర్షన్లు అడిగితే పిప్ ముందు కనపడినదాన్ని పెట్టేసి ఊరుకునేది. 20.3లోని కొత్త రిజాల్వర్ (ఏ వెర్షన్లు కలిసి కుదురుతాయో తేల్చే భాగం) కుదరదని ముఖం మీదే చెప్పింది. మా రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (కావలసిన ప్యాకేజీల జాబితా) అన్నాళ్లూ అదృష్టం మీద నడిచిందని అప్పుడే తెలిసింది. కాకపోతే సరిపోయే వెర్షన్ కోసం ఒక్కోటీ డౌన్‌లోడ్ చేసి చూస్తుంటే, బిల్డ్ పెట్టి టీ తాగి వచ్చినా అయ్యేది కాదు.

2023లో డెబియన్ 12 (ఇంకో రకం లినక్స్) వేశాక, సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌లో పిప్ ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వలేదు. కాదని చేయాలంటే కమాండ్‌కి 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఫ్లాగ్ (ఆప్షన్) జోడించాలి. ఇంత నిజాయితీగా పేరు పెట్టిన ఫ్లాగ్ నేను ఇంకోటి చూడలేదు! ఒకరోజు విసుక్కుని, ప్రతి ప్రాజెక్టుకీ వెన్వ్ (దాని ప్యాకేజీలు విడిగా ఉండే ఫోల్డర్) పెట్టుకున్నాను. ఇప్పుడు పిప్ పాడైతే ఆ ఫోల్డర్ తీసేసి మళ్లీ చేసుకుంటాను, అంతే.

మొత్తానికి ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది అప్‌గ్రేడ్ చేయమని అడిగే ఆ లైనుకే. 2024లో 24.1 వచ్చాక, వెర్షన్ నంబర్లు పద్ధతిగా రాయని పాత ప్యాకేజీలను పిప్ తీసుకోవడం మానేసింది. అలాంటిదొకటి మా దగ్గర ఉంది, రాసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. అందుకే ఆ ప్రాజెక్టు డాకర్‌ఫైల్‌లో (బిల్డ్ ఎలా చేయాలో రాసి ఉండే ఫైల్) పిప్ ఇప్పటికీ 24.0 దగ్గరే ఆగి ఉంది. ఆ లైను మాత్రం ప్రతి బిల్డ్‌లోనూ పలకరిస్తూనే ఉంది.