హంతకుడు దొరకని శవం: ఊరిచేత వెండి కట్టించడం మేలా, పెద్దల్ని పొలానికి రప్పించడం మేలా?

బైబిల్లోని ధర్మశాస్త్రం గురించి ఎప్పుడు రాసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. హంతకుడు దొరక్కపోతే బబులోను రాజు హమ్మురాబి చనిపోయినవాడి కుటుంబానికి వెండి ఇప్పించాడు కదా, ఆ ధర్మశాస్త్రంలోని ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయమేమో ఒక పెయ్య మెడ విరగదీయించి, పెద్దలచేత చేతులు కడిగించి ఇంటికి పంపేసింది కదా, ఇందులో న్యాయం ఎక్కడుంది అని. అడిగేవాళ్లు జవాబు ముందే అనుకుని అడుగుతారు: బబులోనే నయం అని.

పైపైన చూస్తే నయమే. హమ్మురాబి చట్టాల్లో 22 నుంచి 24 వరకు దోపిడీ గురించి. దొంగ దొరికితే మరణశిక్ష. దొరక్కపోతే, సొత్తు పోయినవాడు దేవుని ముందు తనదేం పోయిందో చెప్పుకుంటాడు, ఏ ఊరి పొలిమేరలో జరిగిందో ఆ ఊరూ దాని అధికారీ కలిసి నష్టం కట్టాలి. ప్రాణమే పోతే చనిపోయినవాడి వాళ్లకు ఒక మినా వెండి. మినా అంటే 60 షెకెళ్లు, మన లెక్కలో దాదాపు అర కిలో. ఇది తక్కువ మొత్తమేమీ కాదు. అదే శిలాశాసనం 273వ చట్టంలో కూలివాడికి ఏడాదిలో మొదటి ఐదు నెలలు రోజుకు ఆరు గింజల ఎత్తు వెండి, తర్వాత ఐదు గింజలు అని నిర్ణయించింది. షెకెలుకు 180 గింజలు. లెక్కేస్తే ఒక మినా అంటే ఐదారేళ్ల కూలి. ఇంటి పెద్దను పోగొట్టుకున్న ఆడమనిషికి అది ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు. పైగా జేబుకు చిల్లు పడుతుందంటే దారుల మీద కాపలా పెట్టడానికి ఊరికి బుద్ధి పుడుతుంది.

ఇక్కడే నాకో పేచీ ఉంది. వెండి తీసుకోవడానికి ఎవరో ఒకరు రావాలి. చనిపోయినవాడెవరో తెలియాలి, వాడికి నావాళ్లంటూ ఉండాలి, వాళ్లకు కబురు అందాలి. దూరదేశం నుంచి వచ్చిన బాటసారి, అయినవాళ్లు లేని కూలి, పేరు కూడా తెలియని శవం... వీళ్ల విషయంలో ఆ ఊరు ఎవరికి కట్టాలి? మన దగ్గరా ఇదే చిక్కు. 2008 సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేర్చిన 357ఎ సెక్షన్, 2024 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ ప్రకారం నేరస్థుడు దొరక్కపోయినా పరిహారం అడగొచ్చు, కానీ బాధితుడెవరో తెలిసుండాలి.

ద్వితీయోపదేశకాండం శవం దగ్గర మొదలవుతుంది. పొలంలో ఒకడు పడి ఉన్నాడు, ఎవరు చంపారో తెలీదు. పెద్దలూ న్యాయాధిపతులూ అక్కడికి వచ్చి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలవాలి. చనిపోయినవాడిది ఏ ఊరు, ఏ గోత్రం అన్న ఊసే లేదు. దగ్గరలో ఉన్నది ఏ ఊరని తేలితే ఆ ఊరి పెద్దలు కాడి మోయని, పని చేయని పెయ్యను తోలుకుని, దున్నని, విత్తని, ఎప్పుడూ నీళ్లు పారే లోయకు దిగాలి. అక్కడ దాని మెడ విరవాలి. ఇది బలిపీఠం మీద అర్పించే బలి కాదు. లేవీయులైన యాజకులు దగ్గరుండగా పెద్దలు ఆ పెయ్య మీద చేతులు కడుక్కుని, మా చేతులు ఈ రక్తం చిందించలేదు, మా కళ్లు చూడలేదు అని చెప్పాలి.

కొలత సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, యూదుల పాత ధర్మ సంకలనమైన మిష్నాలో రబ్బీలు, అంటే యూదు ధర్మపండితులు, దానిమీద కూడా వాదించుకున్నారు. శవానికి ఎక్కడి నుంచి కొలవాలి? బొడ్డు దగ్గర నుంచి అని ఎలీయెజెరు, ముక్కు దగ్గర నుంచి అని అకీబా. వినడానికి నవ్వొస్తుంది. కానీ ఆ దిక్కులేని మనిషి పక్కన కూర్చుని బొడ్డా ముక్కా అని తేల్చుకోవాలంటే, పెద్దలు వాడిని దగ్గర నుంచి చూడాల్సిందే.

మరి డబ్బు ఎందుకు లేదు? సంఖ్యాకాండం 35:31 హంతకుడి ప్రాణానికి విమోచన ధనం తీసుకోవద్దంటుంది, 33వ వచనం చిందిన రక్తం దేశాన్ని అపవిత్రం చేస్తుందంటుంది. రక్తానికి వెల కట్టకూడదన్న పట్టుదల అది. దానివల్ల విధవరాలికి ఒరిగిందేమీ లేదు. ఈ లోటును నేను సర్ది చెప్పను. పాఠంలో ఆమెకు ఒక్క మాటా లేదు.

అయినా నా మొగ్గు పెయ్య వైపే. కారణం మిష్నాలో సోతా అనే భాగం, 9:6. పెద్దలు రక్తం చిందించారని మనమెవరమైనా అనుకుంటామా, మరి ఆ మాట వాళ్లచేత ఎందుకు చెప్పించడం అని అక్కడ ప్రశ్న వేసుకున్నారు. జవాబు ఇది: అతను మా దగ్గరికి వస్తే తిండి పెట్టకుండా పంపేయలేదు, చూసి కూడా తోడు లేకుండా వదిలేయలేదు. కత్తి పట్టిందెవరో తెలియకపోయినా, వాడు మా ఊరు దాటి వెళ్లిన రోజు అన్నం పెట్టామా, పొలిమేర దాకా సాగనంపామా అన్నది మాత్రం ఊరికి తెలిసిన సంగతి. దానికి పెద్దలు నోరు తెరిచి జవాబు చెప్పాలి. ఊరుమ్మడి సొమ్ము లోంచి వెండి తీసి ఇస్తే ఆ ప్రశ్న అడిగేవాడే ఉండడు.

యేసును సిలువకు అప్పగించిన రోమా అధిపతి పిలాతు కూడా చేతులు కడుక్కున్నాడు కదా అంటారు. పిలాతుకు చంపేదెవరో, చచ్చేదెవరో తెలుసు, ఆపే అధికారమూ ఉంది. రెండింటికీ పోలిక నీళ్ల దగ్గరే ఆగిపోతుంది.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పను. పాతకాలపు మరో జాతి హిత్తీయుల చట్టంలోనూ బీడులో శవం దొరికితే దూరం కొలిచి పరిధిలోని ఊరి మీద భారం వేసే పద్ధతి ఉంది, అది బబులోను దారికే దగ్గర. ఇక ఒకడి తప్పుకు అందర్నీ శిక్షించిన ఆకాను ఉదంతం. బైబిల్లో యెహోషువ గ్రంథం 7లో ఆకాను దొంగిలించిన పై వస్త్రం, 200 షెకెళ్ల వెండి, ఒక బంగారు కమ్మీ కోసం అతని కొడుకులూ కూతుళ్లూ కూడా చావడానికి ఆకోరు లోయకు వెళ్లారు. దాన్ని సమష్టి బాధ్యత అనను. తండ్రుల దోషానికి పిల్లల్ని చంపవద్దని ద్వితీయోపదేశకాండం 24:16 స్పష్టంగానే చెప్పింది, యూదా రాజు అమజ్యా తన తండ్రిని చంపినవాళ్ల పిల్లల్ని వదిలేసింది ఆ మాట మీదే.

నా ఎంపికకు ఒక పెద్ద లోపం ఉంది. హత్యలు అరుదుగా జరిగే చోటే అది పనిచేస్తుంది. హంతకులు పెరిగిపోయాక పెయ్య తంతు ఆపేశారని మిష్నాయే ఎలియాజరు బెన్ దినాయ్ అనే పేరుమోసిన హంతకుడి పేరు పెట్టి మరీ చెబుతుంది. వెండికి ఆ ఇబ్బంది లేదు, ఎన్ని హత్యలైనా కట్టించొచ్చు. కాబట్టి నన్నడిగితే పెద్దల్ని పొలానికి రప్పించడమే ముందు. కుటుంబం ఉందని తేలితే హమ్మురాబి మినా కూడా కట్టించాలి. రెండిట్లో ఒకటే తీసుకోమంటే పెయ్యనే తీసుకుంటాను. మెడ విరిచాక హంతకుడు దొరికినా వాడికి మరణశిక్ష తప్పదని అదే మిష్నా అంటుంది, అంటే తంతు అయిపోయినంత మాత్రాన కేసు మూసేసినట్టు కాదు.