టవర్ క్లాక్ దగ్గర పాత పుస్తకాల షాపు, హిమాలయాల పుస్తకాలు కావాలంటే ఈడికే పోండి

అనంతపురం టవర్ క్లాక్ నుంచి కొంచెం దూరం పోతే సందులో ఉండే పాత పుస్తకాల షాపు గురించి రాస్తాండా. బయటంతా ఇంటర్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియలే పేర్చింటారు, అది చూసి వెనక్కి రావద్దండి, లోపల కింది అరలో ప్రయాణాలు, సర్వేలు, పాత మ్యాపుల పుస్తకాలు ఉండాయి, హిమాలయాల్ని మొదట్లో ఎవరు తిరిగి చూసినారు, ఎట్ల కొలిచినారు అనేదాని మీద ఇంత సరుకు మన ఊర్లోనే దొరుకుతాది.

నేను కొన్నది గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే, అంటే బ్రిటిషోళ్ళు దేశాన్నంతా త్రిభుజాలుగా చేసి కొలిచిన సర్వే, దాని మీద ఇంగ్లీష్ పుస్తకం. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ దొర మొదలుపెట్టిన పని అది, అర టన్ను బరువున్న థియోడలైట్‌ని (కోణాలు కొలిచే యంత్రం) మోసుకుంటా ఉత్తరానికి పోయినారు, దార్లో 1811లో మన గుత్తి దగ్గర కూడా బేస్‌లైన్ (మిగతా లెక్కలన్నిటికీ ఆధారంగా నేల మీద కొలిచే గీత) కొలిచినారు! ఎవరెస్ట్ 29,002 అడుగులని 1856లో చెప్పినారే, ఆ పనికి పునాది పడిన ఊర్లలో గుత్తి కూడా ఒకటి, కోట చూడనీకి పోయే పిల్లోళ్ళకి ఎవరన్నా ఈ సంగతి చెప్తే ఎంత బాగుంటుందో.

అప్పట్లో టిబెట్లోకి దొరల్ని రానిచ్చేటోళ్ళు కాదు కాబట్టి సర్వేవోళ్ళు హిమాలయాల్లోని కుమావూ ప్రాంతం మనిషి నైన్ సింగ్ రావత్‌ని తయారు చేసి పంపినారు. జపమాలలో 108 పూసలుండాల్సింది 100 పెట్టుకుని, నూరు అంగలకి ఒక పూస జరుపుకుంటా నడిచినాడు. బౌద్ధులు చేత్తో తిప్పే ప్రార్థన చక్రంలో మంత్రం కాగితం బదులు కొలతలు రాసిన కాగితాలు, గవ్వల్లో దాచిన పాదరసం, నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో చూసి ఎత్తు లెక్క. అట్లనే 1866లో లాసా చేరినాడు.

అట్లనే సర్వేవోళ్ళు టిబెట్‌కి పంపిన కింతుప్ కథ చదివినాక రాత్రి నిద్ర పట్టలేదు నాకు. చదువు రాని మనిషి, కూడా వచ్చిన లామా ఆయన్ని బానిసగా అమ్మేసినాడు, తప్పించుకుని కూడా ఇంటికి పోలేదు, టిబెట్లో పారే సాంగ్‌పో నది, మన బ్రహ్మపుత్ర ఒకటేనా తేల్చనీకి 500 దుంగలు కొట్టి గుర్తులు పెట్టి రోజుకి 50 చొప్పున నదిలో వేసినాడు. దుంగలు వస్తాయి చూడండని ముందుగా పంపిన జాబు అందాల్సినోళ్ళకి అందలేదు, కింద ఎవరూ చూడలేదు. 1884లో వచ్చి చెప్తే నమ్మినోళ్ళు తక్కువ. ఇట్లాంటోళ్ళ పేర్లు ముందు రావాల, శిఖరాలకి పెట్టిన పేర్లు తర్వాత.

షాపాయప్ప మంచోడు, స్టూల్ వేసి ఎంతసేపైనా చదువుకోనిస్తాడు, చదివి తిరిగిస్తే సగం రేటు ఇస్తాడు. ఒక్కటే బాధ, నా పుస్తకంలో వెనక మడత మ్యాపు చింపేసిండారు, కొనేముందు అన్నీ తిప్పి చూసుకోండి. రేటు లోపలి అట్ట మీద పెన్సిల్‌తో ఉంటాది, రెండు మూడు తీసుకుంటే తగ్గిస్తాడు. పొద్దున పిల్లోళ్ళ రష్ కాబట్టి సాయంత్రం పోయి 'సర్వే పుస్తకాలు చూపీన్నా' అని అడగండి, పైనుంచి ఇంకొక కట్ట కూడా దించుతాడు.