నాన్న తుపాకీకి 9 వేలు, మేనల్లుడి ఎయిర్ గన్‌కి 11,500: బరంపురం తుపాకుల కొట్టులో నా అనుభవం

బరంపురంలో ఒక పాత తుపాకుల కొట్టు గురించి రాస్తున్నాను. పేరు రాయను, ఎందుకంటే మెచ్చుకోవడంతో పాటు కొంచెం తిట్టేది కూడా ఉంది. నేను వెళ్ళిన పని రెండు ముక్కల్లో: మా నాన్నగారి డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) అమ్మేయాలి, మా అక్క కొడుకుకి ఎయిర్ రైఫిల్ కొనాలి. అమ్మిందానికి 9 వేలు వచ్చాయి, కొన్నదానికి 11,500 అయింది, అంటే నిజం తుపాకీ ఇచ్చి గుళ్ళ తుపాకీ తెచ్చుకోవడానికి ఎదురు డబ్బు కట్టాను. ఇది ఇంట్లో చెబితే అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

మాది పర్లాకిమిడి దగ్గర, చేను కొండవార. అడవిపందుల బాధకి నాన్న 1978లో పంట కాపలా అని రాసి లైసెన్స్ తీసుకుని, ఇండియన్ ఆర్డ్‌నెన్స్ (సర్కారు ఆయుధ ఫ్యాక్టరీల) వాళ్ళ 12 బోర్ (గొట్టం సైజు అది) తుపాకీ కొన్నారు. పందిని కొట్టింది నేనైతే చూడలేదు, గాల్లోకి ఒకటి పేలిస్తే పారిపోయేవి, నాలుగో రోజుకి ఆ చప్పుడుకీ అలవాటు పడిపోయేవి. "అది ఇంట్లో ఉన్నంతకాలం బ్యాంకులో లక్ష ఉన్నట్టేరా" అనేవారు నాన్న. అసలు అది ఇంట్లో ఎక్కడుంది? ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పడం, రిజల్ట్స్ అయ్యాక ఆటోలో దుప్పటి చుట్టి తెచ్చుకోవడం. పంచాయతీవి, జిల్లా పరిషత్తువి, అసెంబ్లీవి అన్నీ కలిపితే మా అటక మీద కన్నా అక్కడే ఎక్కువ రోజులు ఉందేమో.

నాన్న పోయాక లైసెన్స్ లేని నేను దాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. స్టేషన్లో పెడితే మూల చెమ్మలో తుప్పు పడుతుందని అందరూ భయపెట్టారు, అలా ఈ కొట్టుకి తెచ్చాను. జమ చేసుకోవడం మాత్రం పద్ధతిగా చేశారు. నంబరు, గొట్టాల స్థితి, చెక్క మీద ఉన్న చీలిక కూడా రసీదులో రాసి ఇచ్చారు. నెలకి 200 అద్దె. అమ్మడానికి పర్మిషన్ కాగితాలు పూర్తయ్యేసరికి పదకొండు నెలలు పట్టింది, ఆ అద్దె ఎంతయిందో మీరే లెక్కేసుకోండి.

ధర కట్టిన రోజు సంగతి చెప్పాలి. కొట్టాయన ఒడియా మనిషి, డెబ్బై దాటి ఉంటాయి, తెలుగు నాకన్నా చక్కగా మాట్లాడతాడు. తుపాకీని మధ్యలో విరిచి, గొట్టాలు రెండూ ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్నూ చూడమన్నాడు. కుడి గొట్టం అద్దంలా ఉంది, లోపల లైటు గుండ్రంగా తిరుగుతోంది. ఎడమదాంట్లో బియ్యంలో పురుగుల్లా నల్లటి చుక్కలు. "పేల్చి తుడవకుండా పెట్టేశారు బాబూ, ఒక్కసారి చాలు" అన్నాడు. గొట్టం మూస్తే టక్‌మని ఒకే శబ్దం రావాలట, మాది రెండుసార్లు అంది. నూనె గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టి 9 వేలు అన్నాడు.

నేను గొడవ పెట్టుకోబోయాను. అప్పుడు వెనక గది తలుపు తీసి చూపించాడు. డబుల్ బ్యారెల్స్, సింగిల్ బ్యారెల్స్, ముప్పైకి తక్కువ ఉండవు, గోడకి ఆనించి వరసగా, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ. చీటీల మీద రావులు, పాత్రోలు, పండాలు, నాయుళ్ళు. సగం మంది పోయారు, కొడుకులు భువనేశ్వర్లోనో విశాఖలోనో ఉన్నారు, ఎవరికీ వద్దు. పైగా 2019 డిసెంబర్‌లో ఆయుధాల చట్టం మారాక ఒక మనిషికి మూడు తుపాకులు ఉండేది రెండుకి దించారు, మూడోదాన్ని ఏడాది లోపు వదిలించుకోవాలన్నారు, అందరూ వదిలించుకునేది 12 బోరే కదా, అలా ఒక్కసారిగా సరుకు వచ్చి పడిందంటాడు. వేట 1972 వన్యప్రాణుల చట్టంతో ఎప్పుడో పోయింది. పందులకి ఇప్పుడు సోలార్ కరెంటు తీగ కడుతున్నారు. "సరుకు మంచిదే బాబూ, తీసుకునే మనిషే లేడు" అన్నాడు. అబద్ధం ఆడుతున్నాడని అనిపించలేదు. నేను విశాఖలో ఇంకో చోట ఫోన్ చేస్తే 7 వేలన్నారు.

మరి కొట్టు ఎలా నడుస్తోంది? రివాల్వర్లు. కాంట్రాక్టర్లు, బంగారం కొట్లవాళ్ళు, పెట్రోల్ బంకుల వాళ్ళు .32 సైజు రివాల్వరే అడుగుతారు, బెల్టుకి తగిలించుకుంటే షర్టు కింద దాగిపోతుంది. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల్లో ఆపేశాక పాత వెబ్లీ (ఇంగ్లండు కంపెనీ) రివాల్వర్లకి లక్షల్లో రేటు పలికేదట. 2014లో కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ నుంచి ఆడవాళ్ళ కోసమని అర కిలో బరువున్న నిర్భీక్ రివాల్వర్ వస్తే అదే లక్షా 22 వేలు. ఇప్పుడు యూపీలోని సండీలాలో వెబ్లీ వాళ్ళే తయారు చేస్తున్నారు, 2023లో కాన్పూర్ వాళ్ళే ప్రబల్ అని ఇంకోటి తెచ్చారు, దాంతో "నా దగ్గరకొచ్చి కూడా బేరమాడుతున్నారు" అని వాపోయాడు. అలాగని చవక అనుకోకండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది, పాన్ మసాలా వరసలో పెట్టారు.

డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకుకి ఈ 9 వేల కథ చెబితే పడీపడీ నవ్వాడు. అక్కడ భయాన్ని బట్టి రేటట. ఒబామా ఉన్నన్నాళ్ళు నిషేధిస్తారేమోనని కొని దాచారు, ట్రంప్ గెలిచాక ఆ టెన్షన్ పోయి అమ్మకాలు పడ్డాయి, 1816 నాటి తుపాకుల కంపెనీ రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసింది. చిత్రమేంటంటే ఆ 2020లోనే కరోనాకి, అల్లర్లకి భయపడి జనం ఎగబడ్డారు, కొనేవాళ్ళ మీద ఎఫ్‌బీఐ చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు 3.97 కోట్ల దాకా వెళ్ళి, 2024కి 2.8 కోట్లకి దిగాయి (ఒక చెక్ అంటే ఒక తుపాకీ అమ్మినట్టు కాదు, పర్మిట్లవి కూడా అందులోనే). మన దగ్గర భయం ఎంత పెరిగినా లైసెన్స్ రావాలిగా!

ఇక ఎయిర్ రైఫిల్. 2024 ఒలింపిక్స్‌లో మను భాకర్ షూటింగ్‌లో రెండు పతకాలు తెచ్చినప్పటి నుంచీ మావాడికి అదే ధ్యాస. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి అయితే లైసెన్స్ అక్కర్లేదు. గొట్టం వంచి గుండు పెట్టే రకం తీసుకున్నాం. ముసలాయన వాడి చేత పది సార్లు వంచించి, వేలు ట్రిగ్గర్ మీద ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో చెప్పి, "పిట్టల మీదకి ఎత్తావంటే నేనే వచ్చి లాక్కుంటాను" అన్నాడు. ఆన్‌లైన్లో కొంటే 500 తగ్గేది, ఈ అరగంట పాఠం రాదు.

తిట్టేది ఇక్కడ: ఎయిర్ గన్‌కి బిల్లు రెండుసార్లు అడిగితేగానీ ఇవ్వలేదు, అందులో కవరుకి 600 వేశారు, అది ఫ్రీ అని కౌంటర్లో కుర్రాడు ముందే చెప్పాడు. అడిగితే "అది వేరే కవరు" అన్నాడు. వాదించి 300కి దించుకున్నాను. జమ అద్దెలో కూడా ఒక నెల ఎక్కువ రాశారు, రసీదు మీద తేదీ చూపిస్తే మాట్లాడకుండా తీసేశారు. రసీదు పారేసుకున్నవాళ్ళ గతి ఏంటో.

ఐదుకి మూడున్నర. తుపాకీ జమ చేయడానికి, ధర తెలుసుకోవడానికి వెళ్ళొచ్చు, ముసలాయన ఉన్నప్పుడే వెళ్ళండి, ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు కూర్చుంటాడు. రసీదుకి ఫోటో తీసి పెట్టుకోండి.